వలసలపై అమెరికా ఓటరు మాట ఏడాదిలోనే ఎందుకు మారింది?

వలసలను పెంచాలా, తగ్గించాలా, ఇప్పుడున్నట్టే ఉంచాలా? సర్వే సంస్థ గ్యాలప్ 1965 నుంచి అమెరికన్లను ఈ ప్రశ్న అడుగుతోంది. 2024 జూన్‌లో 55 శాతం మంది తగ్గించాలన్నారు. 2001 తర్వాత అంతమంది ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ నవంబర్‌లోనే, సరిహద్దు మూసేస్తామని, లక్షల మందిని వెనక్కి పంపుతామని చెప్పిన డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. 2025 జూన్‌లో మళ్లీ అదే ప్రశ్న అడిగితే, తగ్గించాలన్నవాళ్లు 30 శాతానికి పడిపోయారు. వలసలు దేశానికి మేలేనన్నవాళ్లు 79 శాతానికి చేరారు. ఆ ప్రశ్నకు అంత పెద్ద అంకె అంతకుముందెప్పుడూ రాలేదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు, వీసా ఇంటర్వ్యూ కోసం చూస్తున్న విద్యార్థులకు ఈ అంకెలు అయోమయంగానే ఉంటాయి. అమెరికన్లకు వలసదారులంటే కోపమా, కాదా? కోపం లేకపోతే ట్రంప్ ఎలా గెలిచారు? ఉంటే ఏడాదిలోనే ఎలా చల్లారింది?

క్లుప్తంగా

వలసల మీద అమెరికా ఓటరుకు ఒకే అభిప్రాయం లేదు. సరిహద్దు విషయంలో ఒకటి, ఇప్పటికే దేశంలో ఉన్నవాళ్ల విషయంలో ఇంకొకటి, కొత్తగా ఎవరిని రానివ్వాలన్న దానిపై మరొకటి ఉంటుంది. ప్రచారంలో ఏది ముందుకొస్తే ఓటు అటు వంగుతుంది. అధికారంలో ఉన్న పార్టీ ఒకవైపు లాగితే జనాభిప్రాయం రెండోవైపు జరగడం కూడా పాత అలవాటే. చట్టాలు మాత్రం ఈ అభిప్రాయాన్ని బట్టి మారడం లేదు. అక్కడ నడిచేది పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల లెక్క, సెనేట్ లెక్క.

ఒకే మనిషి, రెండు జవాబులు

2024 గ్యాలప్ సర్వేలోనే మరో రెండు ప్రశ్నలున్నాయి. చట్టవిరుద్ధంగా ఉంటున్నవాళ్లందరినీ వాళ్ల దేశాలకు పంపేయాలా అంటే 47 శాతం అవునన్నారు. అలాంటివాళ్లు కొన్ని షరతులు పాటిస్తే కొంతకాలానికి పౌరసత్వం పొందే అవకాశం ఇవ్వాలా అంటే 70 శాతం అవునన్నారు. రెండూ కలిపితే 117. అంటే కనీసం 17 శాతం మంది రెండింటికీ తలూపారన్నమాట.

దీన్ని తెలివితక్కువతనం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ రెండు ప్రశ్నలు వినేటప్పుడు మనసులో మెదిలే మనుషులు వేరు. ‘అందరినీ పంపేయాలా’ అన్నప్పుడు నిన్న రాత్రి టీవీలో నది దాటుతూ కనిపించిన గుంపు గుర్తొస్తుంది. ‘షరతులు పాటిస్తే’ అన్నప్పుడు పదిహేనేళ్లుగా వీధి చివరి రెస్టారెంట్‌లో వంట చేస్తున్న మనిషి గుర్తొస్తాడు. రాజకీయ పార్టీల పని ఈ రెండు బొమ్మల్లో తమకు కావలసినదాన్ని ఓటరు కళ్ల ముందు నిలబెట్టడమే. 2018లో ట్రంప్ ప్రభుత్వం సరిహద్దులో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసినప్పుడు డెమోక్రాట్లు ఒక బొమ్మను నిలబెట్టగలిగారు. విమర్శల ఒత్తిడికి ఆ జూన్‌లోనే ట్రంప్ వెనక్కి తగ్గారు. 2023 డిసెంబర్‌లో మెక్సికో సరిహద్దులో బోర్డర్ పెట్రోల్‌కు (సరిహద్దు గస్తీ దళం) ఒక్క నెలలో దాదాపు 2.5 లక్షల మంది పట్టుబడినప్పుడు రిపబ్లికన్లకు రెండో బొమ్మ దొరికింది.

అధికారానికి ఎదురు జరిగే అభిప్రాయం

రాజనీతి శాస్త్రంలో దీనికి థర్మోస్టాట్ నమూనా అని పేరు. క్రిస్టఫర్ లెజీన్ అనే పరిశోధకుడు 1995లో ప్రతిపాదించారు. గది మరీ చల్లబడితే ఏసీ తగ్గించమంటాం, ఉక్కపోస్తే పెంచమంటాం. మనకు కావలసిన చల్లదనం మారలేదు, గది మారింది. ప్రభుత్వ విధానం ఒకవైపు ఎక్కువగా వెళ్లినప్పుడు ఓటర్లు రెండోవైపు కోరుకోవడం కూడా అలాంటిదే.

వలసల విషయంలో ఈ నమూనా ఆశ్చర్యం కలిగించేంత బాగా సరిపోతుంది. ట్రంప్ మొదటి పాలన చివర్లో, 2020లో, వలసలు పెంచాలన్నవాళ్లు 34 శాతం, తగ్గించాలన్నవాళ్లు 28 శాతం. 1965 నుంచి పెంచాలన్నవాళ్లే ఎక్కువగా ఉండటం అదే మొదటిసారి. ఎంతో దూకుడుగా వలసల వ్యతిరేకత చూపిన అధ్యక్షుడి హయాంలో జనం వలసలకు అంత అనుకూలమయ్యారు. బైడెన్ వచ్చాక సరిహద్దు దాటేవాళ్లు పెరిగారు. తగ్గించాలన్నవాళ్లు 2023లో 41 శాతం, 2024లో 55 శాతం అయ్యారు. ట్రంప్ తిరిగొచ్చాక 30.

అయితే 2025 పతనాన్ని మొత్తంగా వలసదారుల మీద సానుభూతి అనుకుంటే పొరపాటే. రిపబ్లికన్లలో తగ్గించాలన్నవాళ్లు 88 శాతం నుంచి 48 శాతానికి వచ్చారు. వాళ్లలో చాలామందికి కావలసింది దొరికింది. 2025 ఫిబ్రవరి తర్వాత సరిహద్దులో పట్టుబడేవాళ్లు నెలకు పది వేల లోపే. పని అయిపోయింది కనుక ఇంకా తగ్గించమనడం లేదు. మిగతావాళ్లది వేరే కథ. నగరాల్లో వలస అధికారుల సోదాలు, పని దగ్గరే అరెస్టులు, కోర్టు వాయిదాకు వచ్చినవాళ్లను అక్కడికక్కడే పట్టుకోవడం చూశాక వాళ్లు వెనక్కి జరిగారు. వలసల విషయంలో ట్రంప్ పనితీరు బాగుందన్నవాళ్లు ఆ సర్వేలో 35 శాతమే. సరిహద్దులో ఆయన సాధించింది మెచ్చినవాళ్లలోనే కొందరు ఊళ్లలో జరుగుతున్నది మెచ్చడం లేదు. ముందు చెప్పిన రెండు బొమ్మల సంగతి ఇక్కడా అదే.

ఎంతమంది అన్నది కాదు, ఎంత ముఖ్యం అన్నది

సర్వేల్లో శాతాల మీద పడే దృష్టి మరో ప్రశ్న మీద పడదు. దేశం ముందున్న అతి పెద్ద సమస్య ఏమిటని అడిగితే, ఏ జాబితా చూపించకుండా, ఎంతమంది తమంతట తాము వలసలు అంటారు? మామూలు రోజుల్లో ఆర్థిక పరిస్థితి, ధరలు, ప్రభుత్వ తీరు దీన్ని వెనక్కి నెడతాయి. 2024 ఫిబ్రవరిలో మాత్రం 28 శాతం మంది వలసలే అన్నారు. ఎన్నికల మీద ప్రభావం చూపేది ఇదే. వలసలకు అనుకూలంగా జవాబిచ్చే ఓటరు ఆ ఒక్క కారణంతో పార్టీని ఎంచుకోవడం అరుదు. వ్యతిరేకంగా జవాబిచ్చే ఓటరు ఎంచుకోవచ్చు.

సరిహద్దుకు వేల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లకు ఇది అంత పెద్ద సమస్యగా ఎప్పుడు మారింది? బస్సులతో. 2022 ఏప్రిల్‌లో టెక్సాస్ రిపబ్లికన్ గవర్నర్ గ్రెగ్ అబాట్, సరిహద్దు దాటి వచ్చి ఆశ్రయం కోరుతున్నవాళ్లను బస్సులెక్కించి వాషింగ్టన్‌కు పంపడం మొదలుపెట్టారు. తర్వాత న్యూయార్క్, షికాగో, డెన్వర్. మొత్తం లక్ష మందికి పైగా. అన్నీ డెమోక్రాట్ల నగరాలే. న్యూయార్క్‌కు బస్సుల్లోనూ, సొంతంగానూ వచ్చినవాళ్లు రెండేళ్లలో రెండు లక్షలు దాటారు. ఆ నగరంలో ఇల్లు లేనివాళ్లు అడిగితే బస చూపించాలన్న కోర్టు ఒప్పందం 1981 నుంచీ అమల్లో ఉంది. అది అంతమంది కోసం రాసుకున్నది కాదు. హోటళ్లు షెల్టర్లయ్యాయి. ఆశ్రయం దరఖాస్తు పెట్టిన ఆరు నెలల దాకా పని చేయడానికి అనుమతి రాదు గనుక వచ్చినవాళ్లు సంపాదించుకోవడానికీ లేదు, ఖర్చంతా నగరానిదే. ఈ సమస్య న్యూయార్క్ నగరాన్ని నాశనం చేస్తుందని 2023 సెప్టెంబర్‌లో డెమోక్రాట్ మేయర్ ఎరిక్ ఆడమ్సే బహిరంగంగా అన్నారు. అంతవరకూ అవతలి పార్టీ ప్రచారంగా కనిపించినదానికి సొంత పార్టీ ముద్ర పడింది. మానవత్వం సంగతి పక్కన పెట్టి చూస్తే, ఈ దశాబ్దపు అమెరికా రాజకీయాల్లో అబాట్ బస్సుల్లా పనిచేసిన ఎత్తుగడ మరొకటి కనిపించదు.

బైడెన్ 2024 జూన్‌లో ఆశ్రయం దరఖాస్తులపై ఆంక్షలు పెట్టారు. మెక్సికో కూడా తన వైపు కట్టడి పెంచింది. ఎన్నికలు వచ్చేసరికి సరిహద్దు దాటేవాళ్లు బాగా తగ్గిపోయారు. కానీ ఓటరు మనసులో బొమ్మ అంత త్వరగా మారదు.

1994లో రెండు పార్టీలూ ఒక్కటే

ఇప్పటి చీలికను చూసి ఇది ఎప్పటి నుంచో ఉన్నదే అనుకుంటాం. 1994లో ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేలో, వలసదారులు తమ కష్టంతో, ప్రతిభతో దేశాన్ని బలపరుస్తున్నారన్న డెమోక్రాట్లు 32 శాతం, రిపబ్లికన్లు 30 శాతం. తేడా రెండే పాయింట్లు. 2019కి డెమోక్రాట్లు 83, రిపబ్లికన్లు 38. రిపబ్లికన్లు కూడా కొద్దిగా పైకే జరిగారు. అసలు గెంతు వేసింది డెమోక్రాట్లు.

1990ల్లో వలసల మీద అనుమానం రెండు పార్టీలదీ. ఉద్యోగాలు పోతాయన్న భయంతో కార్మిక సంఘాలు వ్యతిరేకించేవి, చవగ్గా పనివాళ్లు దొరుకుతారని వ్యాపారులు సమర్థించేవారు. డిపోర్టేషన్‌ను బాగా సులువు చేసిన 1996 చట్టంపై సంతకం పెట్టింది డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కూడా, 2006-07లో చట్టబద్ధత కల్పించే బిల్లు కోసం గట్టిగా ప్రయత్నించింది రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్. ఈలోగా ఏఎఫ్ఎల్-సీఐఓ కార్మిక సమాఖ్య 2000లో తన వైఖరి మార్చుకుంది. సభ్యత్వానికి కొత్తగా చేరేవాళ్లు వలస కార్మికులేనని దానికి అర్థమైంది. నల్లజాతి, లాటినో, ఆసియా ఓటర్లు డెమోక్రాట్ల వైపు, కాలేజీ చదువు లేని తెల్లజాతి ఓటర్లు రిపబ్లికన్ల వైపు చేరేకొద్దీ వలసల ప్రశ్న పార్టీ గుర్తింపులో భాగమైపోయింది.

కాలిఫోర్నియా ఈ కథకు ముందుమాట. 1994లో రిపబ్లికన్ గవర్నర్ పీట్ విల్సన్ మళ్లీ గెలవడం కష్టమనుకున్నారు. పత్రాలు లేనివాళ్లకు బడి, వైద్యం వంటి సేవలు ఆపేయాలంటూ ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదన 187ను ఆయన భుజాన వేసుకున్నారు. ఆయనా గెలిచారు, ప్రతిపాదనా 59 శాతం ఓట్లతో నెగ్గింది. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. ఆ ఏడాది వీధుల్లోకి వచ్చిన లాటినో విద్యార్థుల తరం తర్వాత పౌరసత్వాలు తీసుకుని, ఓటర్లుగా నమోదై, కొందరు నాయకులై రాష్ట్రాన్ని డెమోక్రాట్ల కంచుకోటగా మార్చింది. ఇందులో ప్రతిపాదన 187 వాటా ఎంత, మామూలు జనాభా మార్పు వాటా ఎంత అన్నది పరిశోధకులు ఇప్పటికీ తేల్చుకోలేదు. డెమోక్రాట్లు మాత్రం దీన్నుంచి ఒక పాఠం పట్టుకున్నారు: వలసలపై కఠినంగా మాట్లాడిన పార్టీకి లాటినో ఓటు శాశ్వతంగా దూరమవుతుందని. ముప్పై ఏళ్లకు ఆ పాఠం తప్పింది.

స్టార్ కౌంటీ, హేజల్‌టన్

టెక్సాస్‌లో రియో గ్రాండ్ నదికి ఆనుకుని ఉన్న స్టార్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వందకు దాదాపు 97 మంది లాటినోలు. అక్కడ 2016లో హిల్లరీ క్లింటన్‌కు 79 శాతం ఓట్లు వచ్చాయి. 2020లో బైడెన్ ఐదు పాయింట్లతో బయటపడ్డారు. 2024లో ట్రంప్ దాదాపు 58 శాతంతో గెలిచారు. 1892 తర్వాత ఆ కౌంటీలో రిపబ్లికన్ అభ్యర్థి గెలవడం అదే తొలిసారి. దేశవ్యాప్తంగానూ లాటినోల్లో ట్రంప్ వాటా ఎగ్జిట్ పోల్స్ ప్రకారం 32 నుంచి 46 శాతానికి పెరిగింది.

‘వాళ్లూ వలసవచ్చినవాళ్లే కదా’ అని దూరం నుంచి అనిపిస్తుంది. స్టార్ కౌంటీలో చాలా కుటుంబాలు తరతరాలుగా అక్కడివే. వాళ్ల దృష్టిలో కొత్తగా వచ్చేవాళ్లు తమ జాతివాళ్లు అనే కన్నా వరస తప్పించి వచ్చినవాళ్లు. బోర్డర్ పెట్రోల్ ఉద్యోగుల్లో సగం మంది లాటినోలే, ఆ ప్రాంతంలో మంచి జీతం వచ్చే ప్రభుత్వ ఉద్యోగం అదే. ఇక 2024లో ధరల పెరుగుదల వాళ్లను గట్టిగానే తాకింది. స్టార్ కౌంటీ ఓటును వలసల మీద తీర్పుగా మాత్రమే చదవడం కుదరదు, వలసలపై కఠిన వైఖరి వాళ్లను ఆపలేదని మాత్రం చెప్పవచ్చు. పౌరసత్వం తీసుకున్న వలసదారుల్లోనూ ఇదే కనిపించింది. ప్యూ లెక్కల్లో 2020లో వాళ్లలో బైడెన్‌కు 59 శాతం, 2024లో హారిస్‌కు 51 శాతం మాత్రమే.

రెండో ఊరు పెన్సిల్వేనియాలోని హేజల్‌టన్. ఒకప్పటి బొగ్గు గనుల పట్నం. 2000లో లాటినోలు 5 శాతం లోపు. న్యూయార్క్, న్యూజెర్సీల నుంచి డొమినికన్ కుటుంబాలు గోదాముల్లో, మాంసం ఫ్యాక్టరీలో పనికి రావడంతో 2010కి మూడో వంతు దాటారు, 2020కి సగం దాటారు. 2006లో మేయర్ లూ బార్లెటా, పత్రాలు లేనివాళ్లకు ఇల్లు అద్దెకిచ్చినా, పని ఇచ్చినా జరిమానా వేసే ఆర్డినెన్స్ తెచ్చారు. కోర్టులు కొట్టేశాయి. బార్లెటా తర్వాత కాంగ్రెస్‌కు వెళ్లారు. హేజల్‌టన్ ఉన్న లుజర్న్ కౌంటీ 2012లో ఒబామాను గెలిపించి, 2016లో ట్రంప్‌కు దాదాపు 20 పాయింట్ల ఆధిక్యం ఇచ్చింది. ఊళ్లో వలసదారులు ఎంతమంది ఉన్నారన్న దానికన్నా ఎంత వేగంగా పెరిగారన్నదే వ్యతిరేకతకు మంచి సూచిక అని పరిశోధకులు ఎందుకంటారో ఈ పట్నం చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో జనాభాలో దాదాపు సగం విదేశాల్లో పుట్టినవాళ్లే. అక్కడ కొత్త ముఖం వార్త కాదు.

మెజారిటీ ఉన్నా చట్టం ఎందుకు రాదు?

సరిహద్దు కట్టడి, ఇప్పటికే ఉన్నవాళ్లకు షరతులతో చట్టబద్ధత. ఈ రెంటినీ కలిపిన రాజీకి సర్వేల్లో ఎప్పుడూ మెజారిటీ ఉంటూనే ఉంది. అయినా చట్టబద్ధ వలసల వ్యవస్థకు చివరిసారి పెద్ద మార్పులు చేసింది 1990లో.

మొదటి అడ్డంకి 1986 జ్ఞాపకం. రీగన్ సంతకం చేసిన చట్టంతో దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. దానికి బదులుగా, పత్రాలు లేనివాళ్లకు పనిచ్చే యజమానులను శిక్షిస్తామన్నారు. ఆ సగం సరిగా అమలు కాలేదు. ‘ముందు సరిహద్దు, తర్వాత మిగతావి’ అని రిపబ్లికన్లు పట్టుబట్టడం వెనుక ఈ అనుభవం ఉంది.

రెండోది ప్రైమరీ. 2013లో సెనేట్ వలసలపై సమగ్ర బిల్లును 68-32తో ఆమోదించింది. ప్రతినిధుల సభలో అది ఓటింగ్‌కే రాలేదు. మరుసటి జూన్‌లో ఆ సభలో రిపబ్లికన్ల నెంబర్ టూ నేత ఎరిక్ కాంటర్, వలసల మీద మెత్తగా ఉన్నారన్న ప్రచారం మధ్య, వర్జీనియా ప్రైమరీలో పెద్దగా ఎవరికీ తెలియని ఎకనామిక్స్ ప్రొఫెసర్ డేవ్ బ్రాట్ చేతిలో ఓడిపోయారు. నియోజకవర్గ ఓటర్లలో ప్రైమరీకి వచ్చేది చిన్న భాగం. సర్వేలో మెజారిటీ వేరు, ఒక సభ్యుడి సీటును ఊడగొట్టగల మెజారిటీ వేరు. అక్కడి నుంచి రిపబ్లికన్ సభ్యులెవరికీ ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మూడోది, సమస్య పరిష్కారమైతే ప్రచారాస్త్రం పోతుంది. 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్ సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫోర్డ్ ఇరుపార్టీల తరఫున చర్చించి తెచ్చిన సరిహద్దు బిల్లు చాలావరకు కఠినమైనదే. ట్రంప్ వద్దన్నారు. సెనేట్‌లో బిల్లు ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలి, ఇది 49-50తో ఆగిపోయింది. చట్టం లేని చోట పాలన అంతా అధ్యక్షుడి ఉత్తర్వులతో సాగుతుంది. అధ్యక్షుడు మారితే అవీ మారతాయి, కోర్టులకు వెళతాయి. అభిప్రాయం అటూ ఇటూ ఊగడానికి ఇదొక కారణం. 2025 జూలైలో వచ్చిన చట్టం వలసల నియంత్రణకు దాదాపు 17 వేల కోట్ల డాలర్లు కేటాయించింది. అది బడ్జెట్ దారిలో, 60 ఓట్ల అవసరం లేకుండా వచ్చింది కాబట్టే సాధ్యమైంది.

హెచ్‌1బీ ఇందులో ఎక్కడ?

తెలుగు కుటుంబాల్లో ఎక్కువ టెన్షన్ దీని గురించే. సగటు అమెరికన్‌కు చదువుకున్న, ఇంగ్లిష్ వచ్చిన, చేతిలో ఉద్యోగం ఉన్న వలసదారుడంటే వ్యతిరేకత తక్కువ. జెన్స్ హైన్‌ముల్లర్, డేనియల్ హాప్కిన్స్ 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఇద్దరు ఊహాజనిత వలసదారుల వివరాలు చూపించి ఎవరిని రానిస్తారని అడిగితే, పార్టీతో సంబంధం లేకుండా ఇలాంటివాళ్లనే ఎంచుకున్నారు.

మరి హెచ్‌1బీ మీద ఇంత గొడవ ఎందుకు? ఏటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవి. జనాభా 30 కోట్లు దాటిన దేశంలో ఓటరు రోజూ ఆలోచించేంత పెద్ద విషయం కాదిది. సరిగ్గా అందుకే సాధారణ ఓటరు అభిప్రాయానికి ఇందులో పట్టు లేదు. పట్టించుకునే చిన్న వర్గాలదే ఇక్కడ మాట. 2024 డిసెంబర్‌లో భారత్‌లో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను వైట్‌హౌస్ ఏఐ సలహాదారుగా ప్రకటించాక ట్రంప్ శిబిరమే రెండుగా చీలింది. హెచ్‌1బీని సమర్థిస్తూ వ్యాపారవేత్తలు ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, వ్యతిరేకిస్తూ ట్రంప్ మద్దతుదారులు స్టీవ్ బానన్, లారా లూమర్ మరోవైపు. కంపెనీలు దీన్ని చవక పనివాళ్ల కోసం వాడుకుంటున్నాయని వామపక్షం నుంచి సెనేటర్ బెర్నీ శాండర్స్ కూడా గొంతు కలిపారు. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. ఏ సర్వేలోనూ జనం అడిగింది కాదది. ఇక గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల భారతీయుల క్యూ దశాబ్దాల పొడవు సాగుతోంది. దాన్ని మార్చాలంటే చట్టమే కావాలి, చట్టం సంగతి పైన చూశాం.

2026లో పరీక్ష ఎక్కడ?

2025 నవంబర్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఎన్నిక ఒక సంకేతం ఇచ్చింది. లాటినోలు ఎక్కువగా ఉండే పసేయిక్ కౌంటీని 2024లో ట్రంప్ గెలుచుకున్నారు. ఏడాదికి డెమోక్రాట్ మైకీ షెరిల్ అక్కడ పది పాయింట్లకు పైగా తేడాతో గెలిచారు. కరెంటు బిల్లులు, ధరలు అక్కడ పెద్ద అంశాలు. కాబట్టి ఈ మార్పు మొత్తాన్ని వలసదారుల అరెస్టుల ఖాతాలో వేయలేం.

2026 కాంగ్రెస్ ఎన్నికల్లో అసలు పరీక్ష టెక్సాస్‌లో. అక్కడి రిపబ్లికన్లు 2025 ఆగస్టులో కాంగ్రెస్ నియోజకవర్గాల మ్యాపును తిరగరాశారు. అదనంగా ఐదు సీట్లు రావాలన్నది లక్ష్యం. వాటిలో కొన్ని లాటినోలు ఎక్కువగా ఉన్నవే, దక్షిణ టెక్సాస్‌లోనూ ఉన్నాయి. 2024 నాటి లాటినో ఓటు చెక్కుచెదరకుండా నిలుస్తుందన్న లెక్క మీదే ఆ గీతలు గీశారు. సరిహద్దు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ ఓటర్లు వలసల ప్రశ్ననే పక్కన పెడతారా, లేక ఊళ్లలో జరుగుతున్న అరెస్టులను చూసి ఓటేస్తారా అన్నదాన్ని బట్టి ఆ సీట్లు ఎవరివో తేలుతుంది.